తిరుగబెట్టు వ్యాధి: గర్భాశయ ముఖద్వార వికృతులు, వాని చికిత్స, వైరసు - ఒక చారిత్రక పరిశీలన

మన సంచికలలో సాధారణముగా వలసల చరిత్రయు, శాసనములును, ఆచారవ్యవహారములును చర్చింపబడుచుండును. ఈ వ్యాసమున నేను ఎత్తుకొన్న విషయము వైద్యశాస్త్రమునకు చెందినది. తెలుగు ఉపాధ్యాయినికి ఈ ప్రసక్తి యేల యని పాఠకులు శంకింపవచ్చును. దానికి సమాధానముగా ఒక చిన్న సంగతి చెప్పి అసలు విషయమునకు వచ్చెదను.

షోలాపురమున పద్మశాలీల పేటలలో పుట్టి పెరిగిన స్త్రీలలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురు. వీథిలో మరాఠీ మాటలాడుదురు. చదువుట మాత్రము ఏ భాషలోను అంతగా అలవడినది కాదు. అట్టి తల్లి యొకతె, మా పాఠశాలలో చదువుచున్న బాలిక తల్లి, ఒకనాడు మడతలు పడిన కాగితమొకటి తెచ్చి, "బాయీ, ఈ కాగితంల ఏం రాసిండ్రో జర చదివి చెప్పుండ్రి" అని అడిగెను. అది ఆసుపత్రినుండి ఇంటికి పంపునపుడు ఇచ్చిన చీటి. ఆంగ్లములో కొంత, మరాఠీలో కొంత వ్రాసియుండెను. ఆమెకు గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరునకు పూర్వావస్థయైన వికృతి కనబడగా దానిని తొలగించిరి. చివరి పంక్తిలో, పండ్రెండు మాసముల తరువాత తప్పక వచ్చి వైరసు పరీక్ష చేయించుకొనవలెనని యుండెను. చీటి వ్రాసి అప్పటికి మూడేండ్లు దాటినది. "తీసేసినం, నయమైంది అన్నరు గద బాయీ, మళ్ల ఎందుకు పోవాలె?" అని ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు వైద్యశాస్త్రమునకే నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

1. తొలి ఆనవాళ్లు

ఈ వ్యాధికిని దాంపత్య జీవనమునకును ఏదో సంబంధము కలదను ఊహ మొదట అంకెలనుండి పుట్టినది. ఇటలీ దేశమున వెరోనా నగర వైద్యుడు రిగోనీ స్టెర్న్ 1760 మొదలు 1839 వరకు ఆ నగరమున జరిగిన మరణముల పట్టికలను పరిశీలించి 1842లో తన నిర్ణయములను ప్రకటించెను. సన్న్యాసినులలో గర్భాశయపు క్యాన్సరు అరుదుగాను, వివాహితలలోను వితంతువులలోను ఎక్కువగాను ఉండుట ఆయన గమనించెను. కారణమేదో ఆనాడు తెలియదు. ఒక వ్యక్తినుండి వేరొకరికి సంక్రమించు పదార్థమేదో యుండవలెనను అనుమానమునకు మాత్రము ఇచ్చటనే బీజము పడినది.

క్యాన్సరు ఒక్కనాటిలో పుట్టదనియు, దానికి ముందు చాలకాలము సాగు పూర్వరూప మొకటి కలదనియు తెలిసినది ఇరువదవ శతాబ్దమున. 1925లో జర్మనీ దేశస్థుడు హిన్సెల్‌మన్ ముఖద్వారమును పెద్దదిగా చేసి చూపు కాల్పోస్కోపు అను పరికరమును నిర్మించెను. వియన్నాలో షిల్లర్ అయోడిను పూసి, రంగు పట్టని చోట్లను అనుమానింపవలెనని చెప్పెను. పైపొరయందే నిలిచి లోపలికి చొరబడని క్యాన్సరునకు 1932లో బ్రోడర్స్ ఒక ప్రత్యేక నామము నిచ్చెను.

ఇదే కాలమున గ్రీసు దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన పాపనికొలావ్, గాజుపలకపై పూసిన కణములను సూక్ష్మదర్శినితో చూచి వ్యాధిని గుర్తింపవచ్చునని 1928లో ప్రకటించెను. రుమేనియాలో ఔరెల్ బాబెష్ కూడ ఇంచుమించు అదే సమయమున అటువంటి పద్ధతినే కనుగొనెను. ఎవరును వెంటనే లక్ష్యపెట్టలేదు. 1941లో ట్రౌట్ అను వైద్యునితో కలిసి పాపనికొలావ్ వ్రాసిన వ్యాసమును, 1943లో వెలువడిన గ్రంథమును లోకమును ఒప్పించినవి. నేడు మనవారు "పాప్ పరీక్ష" అనునది ఆయన పేరనే వెలసినది. 1960వ దశాబ్దమున రిచార్ట్ అను శాస్త్రజ్ఞుడు ఈ వికృతు లన్నియు ఒకే సోపానమునకు చెందిన మెట్లని చెప్పి వానిని మూడు తరగతులుగా విభజించెను. మొదటి తరగతి పెక్కుసార్లు దానంతట అదే మానిపోవును. మూడవ తరగతి క్యాన్సరునకు గుమ్మము వంటిది.

2. చికిత్స చేయకున్న ఏమగును? ఆక్లండ్ విషాదము

మూడవ తరగతి వికృతి నిజముగా క్యాన్సరుగా మారునా యను శంక కొందరు వైద్యులకు తీరలేదు. న్యూజీలండు దేశమున ఆక్లండ్ నగరమందలి నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో హెర్బర్ట్ గ్రీన్ అను ప్రొఫెసరు, ఇట్టి వికృతి చాలమందిలో నిరపాయకరమని నమ్మి, పూర్తి చికిత్స చేయక కనిపెట్టి చూచు విధానమును 1966లో అనుమతి పొంది ప్రారంభించెను. అచటి స్త్రీలకు తాము ఒక పరిశోధనలో భాగమైతిమను సంగతి తెలియదు. ఆసుపత్రిలోని సహవైద్యులు మెకిండో ప్రభృతులు అభ్యంతరము చెప్పిరి గాని వారి మాట చెల్లలేదు. 1984లో వారు ఫలితములను ప్రకటించిరి. 1987లో సాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ అను ఇరువురు స్త్రీలు ఒక పత్రికలో ఈ విషయమును బయటపెట్టగా, ప్రభుత్వము సిల్వియా కార్ట్‌రైట్ అను న్యాయాధికారిణి చేత విచారణ జరిపించెను. 1988లో వెలువడిన ఆమె నివేదిక ఆ దేశమున రోగుల హక్కులకు పునాదిరాయి యైనది.

2008లో మరల ఆ రికార్డులను తరచి చూచిరి. చిన్నముక్క తీసి పరీక్షించుటతోనే సరిపెట్టబడిన 143 మంది స్త్రీలలో, 30 సంవత్సరములలో క్యాన్సరు సోకిన వారు నూటికి 31.3. మొదటనే తగిన చికిత్స పొందిన 593 మందిలో నూటికి 0.7 మాత్రమే. చికిత్స యొక్క విలువను ఇంతకంటె స్పష్టముగ చెప్పు అంకెలు వేరే లేవు. అవి అన్యాయమునుండి లభించిన అంకెలనియు, ఆ స్త్రీల బాధయే వాని వెలయనియు మరువరాదు.

ఇచ్చట మరియొక సూక్ష్మము కలదు. తగిన చికిత్స పొందినవారిలో అపాయము నూటికి ఒకటికంటె తక్కువకు దిగినది గాని సున్న కాలేదు. ఆ మిగిలినది ఎందుకు మిగిలినదో తెలియుటకు వ్యాధికారణము తెలియవలసి యుండెను.

3. వైరసు వెలుగులోనికి వచ్చుట

1970వ దశాబ్దమున చాలమంది శాస్త్రజ్ఞులు హెర్పిస్ వైరసును అనుమానించిరి. జర్మనీ దేశమున హారల్డ్ త్సూర్ హౌసెన్ మాత్రము క్యాన్సరు కణములలో హెర్పిస్ ఆనవాలు దొరకకపోగా, మన శరీరముపై పులిపిరికాయలను పుట్టించు పాపిలోమా వైరసుల కుటుంబమును పట్టుకొనెను. తోటివారు పలువురు ఒప్పుకొనలేదు. పది సంవత్సరముల పట్టుదల తరువాత 1983లో ఆయన బృందము ఆ కుటుంబమున 16వ రకమును, 1984లో 18వ రకమును ముఖద్వారపు క్యాన్సరులనుండి వేరుపరచెను. ఇందులకై ఆయనకు 2008లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన 2023లో కీర్తిశేషుడయ్యెను.

1951లో అమెరికాలో ఈ వ్యాధితోనే మరణించిన హెన్రియెటా లాక్స్ అను నల్లజాతి స్త్రీ శరీరమునుండి, ఆమెకు తెలియకయే తీసిన కణములు ప్రపంచ ప్రయోగశాలలన్నిటను నేటికిని పెరుగుచున్నవి. ఆ కణములలో దాగియున్నది కూడ ఈ 18వ రకపు వైరసే. 1999లో అనేక దేశముల నమూనాలను మరల పరీక్షించినపుడు, ముఖద్వారపు క్యాన్సరులలో నూటికి 99.7 వంతున ఈ వైరసు కనబడెను. ఒక క్యాన్సరునకును ఒక కారణమునకును ఇంత గట్టి లంకె వేరొకచోట అరుదు.

ఈ కుటుంబమున 200కు మించి రకములు కలవు. అపాయకరములైనవి డజను మొదలు పదునాలుగు వరకు మాత్రమే. వానిలో 16, 18 రకములే పది క్యాన్సరులలో ఏడింటికి కారణములు. వైరసు ముఖద్వారపు పైపొరలో కంటికి కానరాని చిన్న గాట్ల గుండ అడుగు వరుస కణములను చేరును. దాని రెండు ప్రోటీనులు, కణము మితిమీరి పెరుగకుండ కాపాడు మన స్వంత కాపలాదారులను నిర్వీర్యము చేయును. అయినను సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండేండ్లలో శరీరబలముచేతనే అది తొలగిపోవును. తొలగక పాతుకొన్నచోటనే వికృతి పుట్టును. అది క్యాన్సరుగా మారుటకు సాధారణముగా 15 మొదలు 20 సంవత్సరములు పట్టును. హెచ్.ఐ.వి. సోకియున్నవారిలో 5 మొదలు 10 సంవత్సరములే చాలును. ఈ దీర్ఘకాలమే మనకు లభించు అవకాశము.

ఒక సంగతి ఇచ్చట విప్పి చెప్పవలసియున్నది. ఈ వైరసు దాంపత్య సంబంధమున్న వారిలో మిక్కిలి సాధారణము. అది ఏండ్ల తరబడి కనబడక అణగియుండి తరువాత కనబడవచ్చును. కావున పరీక్షలో వైరసు తేలినంతమాత్రమున భార్యనుగాని భర్తనుగాని దోషిగా నిలువబెట్టుట శాస్త్రవిరుద్ధము. ఇంటిలో నిందకు వెఱచి పరీక్షకే పోని స్త్రీలు కలరు. అట్టి నింద వైరసుకంటె ఎక్కువ హాని చేయును.

4. చికిత్స యెట్లు మారినది, వ్యాధి యేల తిరుగబెట్టును

తొలినాళ్లలో ఈ వికృతికి గర్భసంచినే తీసివేయుచుండిరి. లేదా ముఖద్వారమును శంకు ఆకారమున కత్తితో కోయుచుండిరి. 1960వ దశాబ్దమున గడ్డకట్టించి చంపు శీతల చికిత్సయు, వేడిచేత మాడ్చు సాధనమును వచ్చినవి. తరువాత లేసరు కిరణము వచ్చెను. 1980వ దశాబ్దమున ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున ప్రెండివిల్ ప్రభృతులు, విద్యుత్తు ప్రవహించు సన్నని తీగ వలయముతో వికృతి పుట్టు మండలమంతయు ఒక్కసారిగ చెక్కి తీయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి. ఆ భాగమునకు మాత్రము మత్తుమందిచ్చి కొద్ది నిమిషములలో చేయవచ్చును. తీసిన ముక్క పరీక్షకు మిగులును. నేడు ఎక్కువచోట్ల వాడుకలో నున్నది ఇదియే.

ఇంత చేసినను కొందరికి వ్యాధి మరల కనబడుచున్నది. ఏలననగా, కత్తి తీయునది వికృతినేగాని వైరసును కాదు. పొలమున తుంగ మొలచినపుడు పైన కోసినచో చేను శుభ్రముగ కనబడును; గడ్డ భూమిలో మిగిలియున్నచో మరల మొలచును. ముఖద్వారమునందును అంతే. తిరుగబెట్టుటకు మార్గములు మూడు. ఒకటి, వికృతిలో కొంత భాగము అంచున మిగిలిపోవుట. రెండు, వికృతి పూర్తిగ పోయినను చుట్టునున్న ఆరోగ్యకరముగ కనబడు కణములలో వైరసు నిలిచియుండుట. మూడు, వైరసు క్రొత్తగా మరల సోకుట. మొదటిదానిని అవశేషమనియు, తక్కిన రెంటిని పునరావృత్తి యనియు పిలుచుట సమంజసము. ఆచరణలో మాత్రము వానిని వేరుచేయుట కష్టము.

అయినచో ఎవరికి తిరుగబెట్టునో ముందుగా తెలియుట యెట్లు? చిరకాలము వైద్యులు ముక్క అంచులనే చూచుచుండిరి. అంచున వికృతి కనబడినచో భయము, కనబడకున్న అభయము. 2017లో ఆర్బిన్ ప్రభృతులు 97 పరిశోధనలను, అనగా 44 వేలకు పైబడిన స్త్రీల వృత్తాంతములను కలిపి లెక్కించిరి. తీసిన ముక్కలలో నూటికి సుమారు 23 వంతున అంచులు శుభ్రముగా లేవు. మొత్తముపై నూటికి 6.6 మందిలో తీవ్రవికృతి మిగులుటయో తిరుగబెట్టుటయో జరిగినది. అంచు శుభ్రముగా లేనివారికి ఈ అపాయము దాదాపు ఐదు రెట్లు.

కాని ఆ పరిశీలనలో తేలిన ముఖ్యవిషయము వేరు. తిరుగబెట్టిన నూరుమందిలో అంచుల పరీక్ష ముందుగ పసిగట్టినది 56 మందినే. చికిత్స తరువాత చేసిన వైరసు పరీక్ష పసిగట్టినది 91 మందిని. అంచులు శుభ్రముగా నున్నవారిలో కూడ నూటికి 3.7 మందికి వ్యాధి యుండెను. వైరసు లేదని తేలిన వారిలో నూటికి 0.8 మందికి మాత్రమే. అనగా కత్తి ఎంతవరకు పోయినదను ప్రశ్నకంటె, వైరసు ఇంకను ఉన్నదా యను ప్రశ్నయే ఎక్కువ విలువైనది. అట్లని ప్రతి స్త్రీకిని ఎక్కువ లోతుగ కోయుట పరిష్కారము కాదు. లోతు పెరిగిన కొలది తరువాతి కాన్పు నెలలు నిండకమునుపే జరుగు భయము పెరుగును. కోత మితముగ చేసి, పరీక్షను కచ్చితముగ చేయుటయే వివేకము.

ఈ కనిపెట్టుట ఎంతకాలము? స్వీడను దేశమున 1958 మొదలు 2002 వరకు తీవ్రవికృతికి చికిత్స పొందిన 1,32,493 మంది స్త్రీల చరిత్రను 2007లో ప్రకటించిరి. సామాన్య స్త్రీలతో పోల్చిన వీరిలో క్యాన్సరు రెండింతలకు మించి కనబడెను; ఆ అపాయము 25 సంవత్సరముల వరకును సమసిపోలేదు; వయస్సు మీరిన వారిలో మరింత హెచ్చు. అందుచేతనే అమెరికా వైద్యులు 2019 నాటి నియమములలో 25 సంవత్సరములు పరీక్షలు సాగవలెననిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో, చికిత్స పొందిన సామాన్య స్త్రీకి 12 మాసముల తరువాత వీలున్నచోట వైరసు పరీక్షయే చేయవలెనని సూచించెను. ఆ తల్లి చీటిలోని చివరి పంక్తి వెనుక నున్నది ఈ చరిత్రయంతయు.

5. మన ఇరుగుపొరుగున జరిగిన చరిత్ర

ఈ కథ దూరదేశములదే యని తలంపరాదు. తెలుగువారు తరతరములుగ స్థిరపడిన ప్రాంతములే దీనిలో ప్రధాన రంగములు. మా షోలాపురము జిల్లాయందలి బార్షీలోని నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు ఆసుపత్రి కేంద్రముగ, ప్రక్కనున్న ఉస్మానాబాదు (నేటి ధారాశివ్) జిల్లా గ్రామములలో 1,31,746 మంది స్త్రీలతో ఒక మహాపరిశోధన జరిగినది. ఒక్కసారి వైరసు పరీక్ష చేసి తగినవారికి చికిత్స చేసిన వర్గమున క్యాన్సరు మరణములు 34. ఏ పరీక్షయు లేని వర్గమున 64. ఈ ఫలితము 2009లో వెలువడి ప్రపంచమంతట వైరసు పరీక్షకు బలము చేకూర్చెను. పరీక్షలేని వర్గమును అట్లే విడుచుట న్యాయమా యను విమర్శయు తరువాత చెలరేగినది. ఆక్లండ్ పాఠము తెలిసినవారికి ఆ ప్రశ్న సహజమే.

తమిళనాట దిండిగల్ జిల్లాలో 2000 సంవత్సరమున మొదలైన పరిశోధనలో, శిక్షణ పొందిన నర్సులు ముఖద్వారమునకు పలుచని ఎసిటిక్ ఆమ్లము పూసి కంటితో చూచి, తెల్లబారిన చోటులకు శీతల చికిత్స చేసిరి. 2007లో ప్రకటించిన ఫలితము ప్రకారము వ్యాధి నూటికి 25 వంతులు, మరణములు 35 వంతులు తగ్గినవి. బొంబాయి మురికివాడలలో టాటా స్మారక ఆసుపత్రి వారు 1998లో ఆరంభించిన ఇట్టి ప్రయత్నమున మరణములు 31 వంతులు తగ్గినట్లు 2014లో తేలినది.

మన మూలభూమిలో జరిగినది మాత్రము చేదు అధ్యాయము. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ వైరసు టీకా ఇచ్చు పథకము మొదలయ్యెను. కొందరు బాలికల మరణవార్తలతో 2010 ఏప్రిలులో అది ఆగినది. మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రులకు మారుగ వసతిగృహపు అధికారులచేత సంతకములు చేయించుట మున్నగు లోపములను పార్లమెంటు సంఘము 2013లో తీవ్రముగ ఖండించెను. ఆ అలజడిలో దేశమందలి వేరొక టీకా పరిశోధనయు ఆగిపోగా, రెండు లేక మూడు మోతాదులు పొందవలసిన బాలికలు అనేకులు ఒక్క మోతాదుతోనే నిలిచిపోయిరి. వారిని పదేండ్లు కనిపెట్టి చూడగా ఒక్క మోతాదే 16, 18 రకముల నిలకడ సంక్రమణనుండి నూటికి 95 వంతుల రక్షణ నిచ్చినట్లు 2021లో వెల్లడియైనది. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక్క మోతాదును అంగీకరించుటకు ఇదియు ఒక ఆధారమైనది. అదే సంవత్సరమున పూనాలో తయారైన స్వదేశీ టీకాకు అనుమతి లభించెను. అయితే టీకా రాబోవు సంక్రమణను ఆపునుగాని, ఉన్న వైరసును తొలగింపదు. ఇదివరకే చికిత్స పొందిన తల్లికి అది పరీక్షకు బదులు కానేరదు.

6. ముగింపు

2022లో మన దేశమున ఈ క్యాన్సరు క్రొత్తగా సోకినవారు 1,27,526 మంది యనియు, మరణించినవారు 79,906 మంది యనియు అంతర్జాతీయ అంచనా. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఒక్కసారియైన పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 1.9 మంది మాత్రమే. ఇట్టి దేశమున పరీక్షకు పోయి, వికృతి తేలి, చికిత్సయు పొందిన స్త్రీ అదృష్టవంతురాలు. అంత దూరము నడచిన ఆమె చివరి అడుగు వేయకపోవుట, కేవలము కాగితము ఆమె భాషలో లేకపోవుటచే జరుగరాదు.

షోలాపురమున, బరంపురమున, బళ్లారియందు, హోసూరున, యానామున మన సంఘములు కలవు. అవి ఏటేటా ఉగాదికి కవిసమ్మేళనములు జరుపుచున్నవి; జరుపవలసినదే. దానితోపాటు, చికిత్స పొందిన స్త్రీకి ఇచ్చు చీటిని నాలుగు తెలుగు వాక్యములలో అచ్చువేయించి ఆసుపత్రులకు అందించుట ఆ సంఘములకు భారము కాదు. ఆ వాక్యము లివి: వికృతిని తీసివేసినారు. వైరసు ఇంకను ఉండవచ్చును. ఏడాదికి మరల పరీక్ష చేయించుకొనవలెను. ఇందులో ఎవరి తప్పును లేదు.

ఆ తల్లి ప్రశ్నకు నేను ఆనాడు ఈ నాలుగు మాటలే చెప్పితిని. మరుసటి వారము ఆమెతో ఆసుపత్రికి పోయితిని. పరీక్షలో వైరసు లేదని తేలినది. ఆమె సంతోషించెను. మరల ఎప్పుడు రావలెనో వైద్యురాలు వ్రాసి యిచ్చిన తేదీని, ఈ మారు తెలుగులో, నేనే ఆమె కూతురి నోటుపుస్తకపు అట్టమీద వ్రాసితిని.